తండ్రి వంతు నిద్ర

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు సికింద్రాబాద్ కార్ఖానా పేటలోని ఒక ఫంక్షన్ హాల్లో అక్బర్‌కు సన్మానం జరిగింది. స్కూలు బస్సు నడిపే మనిషికి సన్మానం జరగడం మనం తరచుగా చూసేది కాదు. అందులోనూ ఆ సన్మానం బస్సు బాగా నడిపినందుకు కాదు. బాగా నిద్రపోయినందుకు.

వేదిక వెనక పెద్ద బ్యానర్ కట్టారు. దాని మీద ‘హాయి’ అన్న కంపెనీ పేరు, కింద నలుగురు డాక్టర్ల ఫొటోలు ఉన్నాయి. చేతికి పెట్టుకునే ఒక పట్టీని ఆ కంపెనీ తయారు చేస్తుంది. అది పెట్టుకుని పడుకుంటే మనిషి ఎంతసేపు నిద్రపోయాడో, నిద్రలో గుండె ఎట్లా కొట్టుకుందో చూసి తెల్లవారేసరికి ఫోనుకు పంపుతుంది. ఆరు గంటలు దాటితే పచ్చ చుక్క, దాటకపోతే ఎర్ర చుక్క. యజమాని ఫోనులో ఆ చుక్క ఒక్కటే కనబడుతుంది, పడుకున్న వేళలు కనబడవు. సికింద్రాబాద్‌లో స్కూలు బస్సులు, ఆఫీసు బండ్లు తిప్పే ఓంప్రకాశ్ తన దగ్గర పనిచేసే డ్రైవర్లందరికీ ఆ పట్టీలు ఇప్పించాడు. నెలలో మూడు ఎర్ర చుక్కలు పడితే వారం రోజులు బండి ఇవ్వరు. నెలంతా పచ్చ చుక్కలే వస్తే మెచ్చుకుంటారు. అక్బర్‌కు మూడు నెలలుగా ఒక్క ఎర్ర చుక్క కూడా రాలేదు.

శాలువా కప్పింది డాక్టర్ కల్పలత. బ్యానర్ మీది నాలుగు ఫొటోల్లో ఆమెది మూడోది. ఇరవై ఏళ్లుగా ఆమె నిద్రకు సంబంధించిన జబ్బులకే వైద్యం చేస్తోంది. కార్ఖానాలోనే క్లినిక్. హాయి కంపెనీ వేసుకున్న వైద్య సలహా సంఘంలో ఆమె సభ్యురాలు.

శాలువా కప్పుతున్నప్పుడు అక్బర్ కళ్లు ఎర్రగా ఉండటం ఆమె చూసింది. మెడ పొట్టిగా, లావుగా ఉండటం కూడా చూసింది. చూసి, దుమ్ములో తిరిగే మనిషి కదా అనుకుని ఊరుకుంది.

కంపెనీ పెట్టిన భానుప్రకాశ్ మైకు ముందుకొచ్చాడు. ముప్పై రెండేళ్ల యువకుడు, చురుకైన మనిషి. ప్రమాదాల గురించి, నిద్ర గురించి, యంత్రాల తెలివి గురించి పది నిమిషాలు మాట్లాడాడు. అతను మాట్లాడుతుండగానే వెనక కుర్చీలో అక్బర్ తల ముందుకు వాలింది. గడ్డం పూలదండకు ఆనింది. కాసేపటికి గురక మైకులో వినిపించింది.

హాలంతా నవ్వులు.

“చూశారా, మన ఛాంపియన్ స్టేజి మీద కూడా ప్రాక్టీస్ ఆపలేదు,” అన్నాడు భానుప్రకాశ్.

“లేపకుండ్రి సార్, మార్కులు తగ్గుతయ్,” అని వెనక వరసలోంచి ఒక డ్రైవర్ అన్నాడు.

“మేమందరం ఫెయిల్ గాళ్లం. గీయనొక్కడే డిస్టింక్షన్,” అన్నాడు ఇంకొకడు.

ముందు వరసలో కూర్చున్న పదకొండేళ్ల అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. లేచి వేదిక ఎక్కి, తండ్రి బొటనవేలు పట్టుకుని మెల్లగా నొక్కింది. అక్బర్ ఉలిక్కిపడి లేచి అందరికీ నమస్కారం పెట్టాడు. మళ్లీ నవ్వులు. కల్పలత కూడా నవ్వింది. తరువాతి రోజుల్లో ఆ నవ్వు ఆమెకు చాలాసార్లు గుర్తుకు వచ్చింది.

నిద్రకు బహుమతి పొందిన మనిషి పట్టపగలు కుర్చీలో ఎందుకు కూలబడ్డాడని ఆ హాల్లో ఎవరూ అడగలేదు. అడగవలసిన నలుగురు డాక్టర్లూ వేదిక మీదే ఉన్నారు.

*

సలహా సంఘం మొదటిసారి కలిసింది ఆరు నెలల కిందట. డ్రైవర్లు ఎట్లా నిద్రపోవాలో చెప్పే సలహాల కాగితం రాయడం వాళ్ల పని. కల్పలత రాసిన చిత్తుప్రతిలో మొదటి వాక్యం ఇది: ‘ఒక రోజు పని ముగిశాక మరుసటి రోజు పని మొదలయ్యే వరకు డ్రైవరుకు కనీసం పదకొండు గంటల విరామం ఉండాలి.’

సంఘానికి పెద్ద డాక్టర్ పురుషోత్తం. వైద్య కళాశాలలో కల్పలతకు పాఠం చెప్పిన గురువు. ఆయన ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, “ఇది చివరకు మారుద్దాం అమ్మా. మొదటే ఇట్లా ఉంటే యజమానులు భయపడతారు,” అన్నాడు. చివరకు మార్చారు. అచ్చయి వచ్చిన కాగితంలో అది చివర కూడా లేదు. భానుప్రకాశ్‌ను అడిగితే, “స్పేస్ సరిపోలేదు మేడం,” అన్నాడు. మిగిలిన పది సలహాలూ ఉన్నాయి. పడుకునే ముందు ఫోను చూడవద్దు. గది చీకటిగా, చల్లగా ఉండాలి. రాత్రి భోజనం పెందలాడే ముగించాలి. రోజూ ఒకే వేళకు పడుకోవాలి. అన్నీ మంచి మాటలే. వాటి కింద నాలుగు ఫొటోలు.

సన్మానం జరిగిన తరువాతి బుధవారం భానుప్రకాశ్ ఆమెకు అక్బర్ నిద్ర వివరాలు పంపాడు. ప్రచార పుస్తకంలో వేయడానికి మెచ్చుకుంటూ ఏమైనా రాసివ్వమన్నాడు. “జస్ట్ ఫోర్ లైన్స్ చాలు మేడం.”

క్లినిక్‌లో పేషెంట్లు వెళ్లిపోయాక ఆమె ఆ గీతలు తెరిచి చూసింది. మొదట మామూలుగా చూసింది. తరువాత కుర్చీ ముందుకు జరుపుకుంది.

తొమ్మిదింటికి మొదలైన నిద్ర బావిలో రాయి పడినట్టు నేరుగా లోతుకు దిగిపోయింది. నడుమ ఎక్కడా తెగలేదు. నలభై రెండేళ్ల లావుపాటి మనిషి, గురక పెట్టే మనిషి, రాత్రంతా ఒక్కసారి కూడా కదలడా? గుండె వేగం చూసింది. ఊపిరి లెక్క చూసింది. రెండూ పెద్దవాళ్లకు ఉండవలసినదానికంటే ఎక్కువ. జబ్బు మనిషి గీతలు అనుకుందామంటే అవి చాలా ప్రశాంతంగా ఉన్నాయి. తొంభై రాత్రులు తిప్పి చూసింది. అన్నీ ఒకటే తీరు.

ఇటువంటి నిద్రను ఆమె ఎన్నో వందల సార్లు చూసింది. అది పది పన్నెండేళ్ల పిల్లల నిద్ర.

తండ్రి బొటనవేలు నొక్కిన అమ్మాయి ఆమె కళ్ల ముందు మెదిలింది.

*

అక్బర్ ఇల్లు క్లినిక్‌కు నాలుగు సందుల అవతల. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు కల్పలత నడిచే వెళ్లింది. ఏప్రిల్ ఎండ. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. అక్బర్ పిల్లలను దింపి ఇంటికి వచ్చే వేళ అదే.

ఒక్క గది, ముందు చిన్న వరండా, పైన రేకులు. గోడకు ఆనుకుని వెల్డింగ్ షాపు. అక్కడ గ్రిల్లు కోస్తున్న చప్పుడుకు గది గోడ సన్నగా అదురుతోంది. నేల మీద చాప వేసుకుని, ముఖానికి తడి తువ్వాలు కప్పుకుని, చెవుల్లో దూది పెట్టుకుని అక్బర్ పడుకుని ఉన్నాడు. అతని భార్య ఖమర్ బీ వరండాలో చీరలకు ఫాల్స్ కుడుతోంది. కూతురు జబీన్ లెక్కలు చేసుకుంటోంది.

“అరే, డాక్టరమ్మ. రండ్రి, లోపలికి రండ్రి. జబీన్, కుర్చి ఎయ్యి బిడ్డా.”

అక్బర్ తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. అతను నిద్రపోవడం లేదు. “ఏమైంది మేడం? ఎర్ర గిట్ల వచ్చిందా?”

“లేదు. పచ్చే వచ్చింది. అందుకే వచ్చాను,” అంది కల్పలత. “ఆ పట్టీ ఎవరు పెట్టుకుంటున్నారు అక్బర్?”

అక్బర్ భార్య వైపు చూశాడు. ఖమర్ బీ సూది పక్కన పెట్టింది.

“నేనే డాక్టరమ్మా,” అంది జబీన్. ఆ గొంతులో తప్పు చేసిన బెదురు లేదు. తరగతిలో జవాబు తెలిసిన పిల్ల చెయ్యెత్తినట్టుంది.

“నువ్వా? ఎప్పటినుంచి?”

“సంక్రాంతి సెలవులైనంక. అంతకుముందు అబ్బాకు రెండు ఎర్రలు పడ్డయ్. ఇంకొక్కటి పడితే బండి ఇయ్యరని అమ్మీ ఏడుస్తుండె. ఒక దినం అబ్బా పట్టీ ఇంట్ల మరిచిపోయిండు. నేను ఊకనే పెట్టుకొని పండుకున్న. పొద్దుగాల చూస్తే పచ్చ.” అమ్మాయి గోడ వైపు చూపించింది. “అప్పటిసంది మీరు చెప్పినయన్ని చేస్తున్న.”

గోడకు సలహాల కాగితం అంటించి ఉంది. నాలుగు ఫొటోలు. మూడోది తనది.

“ఏడింటికే అన్నం తింట. టీవీ చూడ. తొమ్మిదింటికి పండుకుంట. నడుమల లేస్తే మార్కులు పోతయని నీళ్లు సుత తక్కువ తాగుత. నేను పండుకున్నంక అమ్మీ లైటు బందు చేసి వరండాల కూసొని కుడ్తది. నాలుగున్నరకు అబ్బా నా చేతికెళ్లి తీసుకొని పెట్టుకుంటడు.”

“మా బిడ్డ నా వంతు నిద్ర పోతున్నది మేడం,” అన్నాడు అక్బర్. నవ్వబోయి ఆగిపోయాడు.

“మరి మీరు ఎప్పుడు పడుకుంటున్నారు?”

“నాలుగున్నరకు లేస్త. స్కూలు ట్రిప్పు. మధ్యాహ్నం మల్ల స్కూలు ట్రిప్పు. సాయంత్రం ఐదింటికి ఆఫీసు బండి షురూ అయితది. ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. గీ నడుమల నిద్ర ఏడ ఉన్నది మేడం? ఇప్పుడు జెర పండుకుందామంటే గీ చప్పుడు. రేకులు కాలుతయ్.”

“ఒక్క డ్యూటీయే చేస్తానని చెప్పొచ్చు కదా.”

“ఇద్దరు చేసే పని ఒక్కని మీద ఏసిండు ఓంప్రకాశ్ సేట్. ఒక్కటే చేస్త అంటే, ఆ ఒక్కటి సుత వద్దు పో అంటడు.”

“అక్బర్, మీరు నడిపేది పిల్లల బస్సు.”

అక్బర్ తల వంచుకున్నాడు. “ఎరుకే మేడం. గందుకే పచ్చి మిరపకాయ నోట్ల పెట్టుకుంట. కన్ను మూతబడుతున్నదంటే కొరుకుత. అల్లా దయ, ఇంతవరకు స్టీరింగ్ మీద కన్ను మూయలె.”

కల్పలత అతని గొంతు చూసింది. గురక గురించి అడిగింది. “గురక పెట్టి పెట్టి, ఊపిరి ఆగిపోయినట్టయితది,” అంది ఖమర్ బీ. “నేను తట్టి లేపుత. పండుకునేదే నాలుగు గంటలు, దాంట్ల నేనే పదిసార్లు లేపుత.”

డాక్టరుకు అంతకంటే చెప్పనక్కరలేదు. అతనికి జబ్బు ఉంది, దానికి పరీక్ష కావాలి. అంతకంటే ముందు విశ్రాంతి కావాలి. ఆమె చీటీ రాసింది: ఈ మనిషి పది రోజులు బండి నడపరాదు.

అక్బర్ ఆ చీటీని రెండు చేతులతో తీసుకున్నాడు. “ఇస్త మేడం. కని పట్టీ సంగతి చెప్పకుండ్రి. చెప్తే రేపటిసంది నాకు బండి లేదు. ఏ సేట్ సుత ఇయ్యడు.”

“మీ పేరు చెప్పను,” అంది ఆమె. “రేపు శుక్రవారం మా సంఘం కలుస్తుంది. పని గంటల మాట రాయిస్తాను. మీరు మాత్రం రేపు బండి ఎక్కవద్దు.”

ఆమె గడప దాటుతుంటే జబీన్ వెనకే వచ్చింది.

“డాక్టరమ్మా, ఇంకా మంచిగ నిద్రపోవాల్నంటే ఏం చెయ్యాలె?”

కల్పలత ఆ పిల్ల తల నిమిరి వచ్చేసింది. ఆమె దగ్గర పదకొండో సలహా లేదు.

*

కంపెనీ ఆఫీసు ఏ.ఎస్. రావు నగర్‌లో మూడో అంతస్తులో ఉంది. అద్దాల గది, చల్లటి గాలి. ఎక్కడా చప్పుడు లేదు. నిద్రపోవడానికి అంతకంటే మంచి గది సికింద్రాబాద్‌లో ఉండదని కల్పలతకు అనిపించింది.

ఆ రోజు సంఘం ముందున్న పని ఒకటే. ఇంకో రెండు వేల మంది డ్రైవర్లకు పట్టీలు ఇవ్వబోతున్నారు. ఈ పట్టీ నమ్మదగినదని నలుగురు డాక్టర్లూ సంతకాలు చేయాలి.

“పట్టీ ఒకరిది ఒకరు పెట్టుకుంటున్నారని నాకు అనుమానం ఉంది,” అంది కల్పలత.

భానుప్రకాశ్ ముఖం మారింది. “ఎవరు మేడం? పేరు చెప్పండి, ఇవాళే యాక్షన్ తీసుకుందాం.”

“పేరు కాదు కావలసింది. ఎందుకు పెట్టుకుంటున్నారో అడగాలి. వాళ్లకు నిద్రపోయే వేళ లేదు. మన కాగితంలో తీసేసిన మొదటి వాక్యం తిరిగి పెట్టాలి. పదకొండు గంటల విరామం ఇవ్వని యజమానికి ఈ పట్టీ అమ్మకూడదు.”

పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. “కల్పా, మనం డాక్టర్లం. లేబర్ ఆఫీసర్లం కాదు. నిద్ర గురించి అడిగారు, చెప్పాం. వాళ్ల డ్యూటీలు మనం వేస్తామా?”

“పని గంటలు లేకుండా నిద్ర ఎక్కడుంది సార్?”

“నీ మాట తప్పని నేను అనను. సమయం సందర్భం చూసుకోవాలి.”

“నెక్స్ట్ వెర్షన్‌లో తప్పకుండా పెడదాం మేడం,” అన్నాడు భానుప్రకాశ్. “నేను నోట్ చేసుకున్నాను.” నిజంగానే రాసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. పట్టీలో ఏ లోపం ఉన్నా దిద్దుకోగలనని నమ్మే మనిషి. లోపం పట్టీకి బయట ఉండవచ్చన్న ఊహ అతనికి రాలేదు.

కాగితం బల్ల చుట్టూ తిరిగింది. మూడు సంతకాలు పడ్డాక ఆమె ముందుకు వచ్చింది. సంతకం పెట్టకుండా లేచి రావడానికి ఆమె దగ్గర కారణం ఉంది. కానీ ఎదురుగా గురువు ఉన్నాడు, పక్క గదిలో భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, వచ్చే నెల మళ్లీ మాట్లాడవచ్చు. అక్బర్ పది రోజులు బండి ఎక్కడు కదా అని కూడా అనుకుంది.

సంతకం పెట్టింది.

చదువుకున్నవాళ్లు చేసే తప్పులు చాలావరకు ఇట్లాగే జరుగుతాయి. ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు. ఎవరి గొంతూ పెరగదు.

*

మంగళవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, తిరుమలగిరి దాటాక, పిల్లలను స్కూల్లో దింపి ఖాళీగా తిరిగి వస్తున్న బస్సు రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దుకుంది. బ్రేకు వేసిన గుర్తు రోడ్డు మీద లేదు. అక్బర్ అక్కడికక్కడే చనిపోయాడు.

బస్సులో పిల్లలెవరూ లేరు. ఆ మాటే అందరూ అనుకున్నారు. పేపర్లో రాశారు, స్కూలు వాళ్లు తల్లిదండ్రులకు మెసేజి పంపారు, అక్బర్ ఇంటి ముందు గుమిగూడిన జనం కూడా అన్నారు: దేవుడి దయ, బస్సులో పిల్లలెవరూ లేరు. ఆ మాట వింటూ గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంది.

కల్పలత మూడో రోజు వెళ్లింది. వెల్డింగ్ షాపు మూసి ఉంది. సందంతా నిశ్శబ్దం. అక్బర్ బతికుండగా దొరకని నిశ్శబ్దం అది.

ఖమర్ బీ ఆమెను చూసి లేవబోయింది. కల్పలత వద్దని సైగ చేసి పక్కనే చాప మీద కూర్చుంది. ముందుగా ఖమర్ బీయే మాట్లాడింది.

“మీ చీటీ ఇచ్చిండు మేడం. శుక్రవారం పొద్దుగాలనే ఇచ్చిండు.”

“ఇచ్చాడా?”

“ఇచ్చిండు. సేట్ చీటీ చూసిండంట, ఫోన్ తీసి చూసిండంట. పచ్చగనే ఉన్నది గదా, నీకేం రోగం అన్నడంట. సన్మానం చేసి ఐదు దినాలు కాలే, అప్పుడే సెలవా అని నలుగురిల నవ్విండంట.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “నిజం చెప్పుమన్న. చెప్తే బండి పోతదన్నడు.”

ఇరవై ఏళ్ల అనుభవంతో కల్పలత రాసిన చీటీని ఓ పచ్చ చుక్క కొట్టేసింది. ఆ పచ్చ చుక్కను నమ్మవచ్చని సంతకం పెట్టింది కూడా తానే, అదే శుక్రవారం నాడు.

జబీన్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల చేతికి పట్టీ లేదు. రాత్రిళ్లు అది ఒరుసుకున్న చోట చర్మం మీద సన్నటి చార ఉంది. ఆ పిల్ల లేచి వచ్చి కల్పలత ముందు నిలబడింది.

“డాక్టరమ్మా, ఒకటి అడుగుత. అమ్మీకి చెప్పొద్దు,” అంది మెల్లగా. తల్లి అక్కడే ఉన్నా ఆ పిల్లకు కనబడినట్టు లేదు. “మంగళవారం నాకు లెక్కల పరీక్ష ఉండె. సోమవారం పట్టీ పెట్టుకొని పండుకొనే చదివిన, టార్చి లైటు పెట్టుకొని. చెయ్యి కదిలియ్యలే. నిద్రపోయిన అనుకొని అది పచ్చ ఇచ్చింది. నేను నిద్రపోలే. మోసం చేసిన. గందుకేనా అబ్బాకు నిద్ర వచ్చింది?”

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లలో ఒకామె ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

కల్పలత ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. “కాదు జబీన్. నువ్వు నిద్రపోయినా, పోకపోయినా అది మీ నాన్నకు చేరదు. ఎవరి నిద్ర వాళ్లే పోవాలి. తప్పు నీది కాదు. మాది. గోడ మీద ఉన్నాం చూడు, మా నలుగురిది.”

జబీన్ గోడ మీది కాగితం వైపు చూసింది. చాలాసేపు ఆలోచించింది. నమ్మినట్టు కనబడలేదు.

“మరి పచ్చ ఎందుకు వచ్చింది డాక్టరమ్మా?” అంది.

*

సలహా సంఘం అత్యవసరంగా సోమవారం కలిసింది. అదే అద్దాల గది. పోలీసుల దగ్గర నుంచి వచ్చిన వివరాలు భానుప్రకాశ్ చదివాడు. ఆ తెల్లవారుజామున కూడా అక్బర్‌కు పచ్చ చుక్కే వచ్చిందనీ, పట్టీని కూతురు పెట్టుకునేదని ఇప్పుడు తెలిసిందనీ చెప్పాడు. అతని ముఖం వాడిపోయి ఉంది. రెండు రోజులుగా అతను కూడా నిద్రపోయినట్టు లేడు. అయినా సంచిలోంచి కొత్త పట్టీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

“దీనికి లాక్ ఉంటుంది సార్. మనిషి వేలిముద్రతో తప్ప ఊడదు. ఇంక ఎవరూ మార్చుకోలేరు. మీరు నలుగురూ అప్రూవ్ చేస్తే వెంటనే మారుద్దాం.”

పురుషోత్తం ఆ పట్టీని చేతిలోకి తీసుకుని చూసి, కల్పలత వైపు జరిపాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. లేచి నిలబడింది.

“తండ్రిని పోగొట్టుకున్న పిల్ల నన్ను ఒక ప్రశ్న అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. మీలో ఎవరైనా చెప్పగలరేమో వినండి. ‘నేను నిద్రపోలేదు, మా నాన్నా నిద్రపోలేదు, మరి పచ్చ ఎందుకు వచ్చింది?’”

భానుప్రకాశ్ బల్ల మీది పట్టీని తన వైపు లాక్కున్నాడు.

“ఆ పిల్ల మన పది సలహాలూ పాటించింది. దాహం వేసినా నీళ్లు తాగలేదు. మన కాగితాన్ని అంత శ్రద్ధగా చదివినవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ ఉండరు. మనం రాయవలసిన ఒక్క వాక్యం రాయలేదు. ఆ ఒక్క వాక్యానికి బదులు ఆ పిల్ల తన నిద్ర పెట్టింది. రేపు ఈ తాళం వేసిన పట్టీ వస్తే అక్బర్ లాంటి వాళ్లకు ఎర్ర చుక్క వస్తుంది. బండి పోతుంది. వాళ్ల బండి ఇంకొకరికి ఇస్తారు. ఆ ఇంకొకరు కూడా నాలుగు గంటలే పడుకుంటారు. చుక్క రంగు మారుతుంది గానీ గంటలు మారవు.”

“కూర్చో కల్పా,” అన్నాడు పురుషోత్తం. ఆ గొంతులో ఆజ్ఞ లేదు.

“సార్, లేబర్ ఆఫీసర్లం కాదని మీరు అన్నారు. నేను ఊరుకున్నాను. అక్బర్ పేరు చెప్పనని ఆయనకు మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. పని గంటల మాట రాయిస్తానని కూడా అన్నాను, అది నిలబెట్టుకోలేదు. నాకు కష్టం లేని మాటే నేను నిలబెట్టుకున్నాను. నా ఫొటో తీసేయండి. నేను పెట్టిన సంతకం తప్పని రాసి, రవాణా ఆఫీసుకూ, ఆ స్కూలుకూ, పోలీసులకూ నేనే ఇస్తున్నాను.”

ఆమె తాను రాసిన కాగితం ప్రతి ఒకటి బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది. మెట్ల దగ్గర వెనక అడుగుల చప్పుడు వినిపించింది. పురుషోత్తం ఆయాసపడుతూ వచ్చి, ఆ కాగితం ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆమె సంతకం కింద ఆయన సంతకం ఉంది.

“ఆ మొదటి వాక్యం నేను చివరకు జరపకుండా ఉండవలసింది అమ్మా,” అన్నాడు.

ఇంతటితో అంతా చక్కబడిందని రాయగలిగితే బాగుండేది. ఆ స్కూలు ఒక్కటి మాత్రం తన బస్సు డ్రైవర్లకు రెండో డ్యూటీ ఉండకూడదని నిబంధన పెట్టుకుంది. ఓంప్రకాశ్ బస్సులు వేరే స్కూళ్లకు తిరుగుతున్నాయి. ఖమర్ బీ ఇప్పుడు అర్ధరాత్రి దాటాక కూడా ఫాల్స్ కుడుతోంది. ఆ రోజు తప్పిపోయిన లెక్కల పరీక్షను జబీన్ తరువాత రాసి మంచి మార్కులతో పాసయింది. కానీ ఆ పిల్లకు నిద్ర రావడం లేదు. తొమ్మిదింటికి పడుకుంటుంది, కళ్లు తెరుచుకునే ఉంటుంది. వారానికి ఒకసారి తల్లి చెయ్యి పట్టుకుని నాలుగు సందులు దాటి కల్పలత దగ్గరకు వస్తుంది. కల్పలత ఆ పిల్ల చేతికి ఏ పట్టీ కట్టదు. పక్కన కూర్చుని మాట్లాడుతుంది. పోయినవారం జబీన్ అక్కడి బల్ల మీద తల వాల్చి అరగంట నిద్రపోయింది. ఆ అరగంటా కల్పలత వేరే పేషెంట్లను లోపలికి పిలవలేదు.

పనిచేసే మనిషి నిద్రను కొలవడానికి ముందు అతనికి నిద్రపోయే వేళ ఇవ్వాలి. అది ఇవ్వకుండా కొలిచే ప్రతి కొలతా అబద్ధమే చెబుతుంది, ఆ అబద్ధం బరువు చివరికి ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల మీద పడుతుంది.